పాలమూరు ఎండకు మ్యూనిక్ బీరా?

సెప్టెంబరు సగం దాటిందంటే చాలు, హైదరాబాద్‌లో బీరు అక్కడే కాచి పోసే మైక్రోబ్రూవరీల్లో నీలం తెలుపు గళ్ల తోరణాలు వేలాడతాయి, ఆక్టోబర్‌ఫెస్ట్ అని బోర్డు పడుతుంది, కొన్నిచోట్ల సప్లయర్ కుర్రాళ్లకు తోలు నిక్కర్లు కూడా తొడిగిస్తారు. అదే రోజుల్లో నల్లగొండలో మేం బతుకమ్మకు తంగేడు పువ్వు యాడ దొరుకుతుందా అని చెరువుకట్టల పొంటి తిరుగుతుంటాం. మ్యూనిక్ ఊళ్లో పుట్టిన ఆ జర్మనీ పండుగ మీద నాకేం కోపం లేదు, పోయి తాగుతాను కూడా. కానీ చిన్న బ్రూవరీలు తమ పద్ధతిలో కాచే క్రాఫ్ట్ బీరులో అసలు మజా అంతా కాలాన్ని బట్టి మారే రకాల్లోనే ఉందని నమ్మేవాణ్ని నేను. మన దగ్గర ఆ కాలాల లెక్క మొత్తం వేరేవాళ్ల వాతావరణం నుంచి ఎత్తుకొచ్చి పెట్టారు, అదీ నా పేచీ. మే నెలలో 44 డిగ్రీల్లో ఉడికేది మనమైతే అప్పుడు ఏం తాగాలో మ్యూనిక్ చెప్పేదేంది?

ముందు ఒక మాట. మా దిక్కు వైన్స్‌కు పోతే బీరు రెండే రకాలు, లైట్, స్ట్రాంగ్. అడిగే ప్రశ్న కూడా ఒక్కటే, కూలింగ్ ఉందా అని. నిజానికి ఆ రెండూ ఒకే ఇంటివి, లాగర్లు. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నిదానంగా పులియబెడుతుంది, ఆ తర్వాత బీరు ఇంకా చల్లగా కొన్ని వారాలు ఊరాలి. రెండో కుటుంబం ఏల్, దాని ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు ఇష్టం, తొందరగా పని ముగిస్తుంది, పోతూ పోతూ పండ్ల వాసన, లవంగం వాసన లాంటివి వదిలి పోతుంది. హెఫెవైజెన్ అనే జర్మనీ గోధుమ బీరు తాగినప్పుడు అరటిపండు వాసన వస్తే బ్రూవరీవాళ్లు ఎసెన్స్ కలిపారని మా ఫ్రెండ్స్ చాలామంది అనుకుంటారు, కలపలేదు, అది ఈస్ట్ పనే. ఇంతకు మించి థియరీ అక్కర్లేదు. 2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీల నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌లో ఇవన్నీ ట్యాప్ మీద, అంటే సీసా కాకుండా నేరుగా పంపు నుంచి, దొరకడం మొదలైంది. నల్లగొండ, పాలమూరు వాళ్లం బస్సెక్కి పోవాల్సిందే.

ఇక సీజన్ సంగతి. సీజనల్ బీరు అంటే ఆ నెలలో అమ్మకాల కోసం కొత్త ఫ్లేవర్ పెట్టడం అనుకుంటారు చాలామంది. మొదట్లో అది రుచి గొడవే కాదు, గత్యంతరం లేక వచ్చింది. 1516లో మ్యూనిక్ ఉన్న బవేరియాలో బీరుకు బార్లీ, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే తీగ పూలు), నీళ్లు తప్ప ఇంకేం వాడొద్దని చట్టం చేసిన సంగతి బీరు మెనూల వెనక కూడా అచ్చేస్తుంటారు. నాకు దానికంటే 1553 నాటి ఆర్డరు ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు అసలు బీరు కాయకూడదని అక్కడి ప్రభువు నిషేధం పెట్టాడు. ఎండాకాలం కాచిన బీరులో గాలిలోని సూక్ష్మజీవులు చేరి అది పాడయ్యేది, పైగా ఎండిపోయిన ఊళ్లలో పెద్ద పెద్ద పొయ్యిలు వెలిగిస్తే ఇళ్లు అంటుకునే భయం. అందుకని మార్చిలోనే కాస్త గట్టిగా, ఆల్కహాల్ కొంచెం ఎక్కువగా ఉండేలా కాచి, నేలమాళిగల్లో దాచి, ఎండాకాలమంతా అదే తాగేవాళ్లు. మిగిలింది శరత్కాలంలో ఖాళీ చేసేవాళ్లు, ఎందుకంటే కొత్త బీరు కాయాలంటే పీపాలు కావాలి కదా. మెర్జెన్ అనే ఎర్రటి బీరు అట్లా వచ్చింది. ఆ నేలమాళిగల మీద నీడ కోసం గుర్రపు చెస్ట్‌నట్ చెట్లు నాటారు, నీడ బాగుందని జనం అక్కడే కూర్చుని తాగడం మొదలుపెట్టారు, బీర్ గార్డెన్ అంటే అదే. 1810లో రాకుమారుడు లుడ్విగ్ పెళ్లి సందర్భంగా మొదలైన ఆక్టోబర్‌ఫెస్ట్‌లో తర్వాత తర్వాత ఈ మెర్జెన్ పోశారు. ఇప్పుడు మ్యూనిక్‌లో ఆ ఊరి ఆరు పెద్ద బ్రూవరీలవి మాత్రమే పోస్తారు, అది కూడా ఎక్కువగా లేతరంగు బీరే, 6 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్‌తో. ఎర్ర మెర్జెన్‌ని ఇప్పుడు అమెరికావాళ్లే ఎక్కువ పట్టుకుని వేలాడుతున్నారు, మన హైదరాబాద్ పబ్బులు వాళ్లను చూసి నేర్చుకున్నాయి.

1870లలో కార్ల్ ఫాన్ లిండె అనే ఇంజనీరు మ్యూనిక్‌లో స్పాటెన్ బ్రూవరీ కోసం చల్లబరిచే యంత్రం చేసి పెట్టాడు. మనం ఇంట్లో వాడుకునే ఫ్రిజ్ చరిత్రలో బీరుకు అంత పెద్ద చెయ్యి ఉంది. ఆ యంత్రం వచ్చాక కాలంతో పని లేకుండా పోయింది, ఏ నెలలోనైనా లాగర్ కాయొచ్చు. కాబట్టి ఇవాళ సీజనల్ బీరు అనేది అవసరం కాదు, ఎంపిక. ఎంపికే అయినప్పుడు మన ఎండను, మన పంటను చూసుకుని చేయొచ్చు కదా అనేదే నా మాట.

మన దగ్గర కాలాన్ని బట్టి తాగే అలవాటు లేదా అంటే భేషుగ్గా ఉంది. చలికాలంలో ఈతకల్లు, ఆ తర్వాత తాటికల్లులో పోద్దాడు, ఎండలు ముదిరేసరికి పండుదాడు. చెట్టు మారితే రుచి మారుతుంది, ఒకే చెట్టుది పొద్దుగాల తాగితే తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. గౌడన్న లొట్టి దించి చేతిలో పోసేటప్పుడే ఇది ఏ పూట గీసింది, ఏ చెట్టుది అని అడిగి తాగే పెద్దమనుషులు మా ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. బెంగుళూరులో బీరు రుచి చూసి మార్కులేసే కుర్రాళ్లు వీళ్ల ముందు ఎందుకూ పనికిరారు. ఈత, తాటి చెట్ల గీత నుంచి కారే నీరాలో చక్కెర ఉంటుంది, కుండలోకి చుక్క పడ్డప్పటి నుంచి గాలిలోవి, కుండలోవి ఈస్టులు, బ్యాక్టీరియాలు పని మొదలుపెడతాయి. నీరా నీరాలాగే ఉండాలంటే కుండకు లోపల సున్నం రాయాలి, లేదా చల్లగా ఉంచాలి. విడిగా ఈస్ట్ వేసే పని లేదు. (ఇది చెట్టు కల్లు సంగతి. మత్తు మందులు కలిపిన మందు కల్లు గురించి ఇక్కడ రాయడం లేదు, అది మా జిల్లాలను పట్టిన పీడ, దాన్ని రుచి లెక్కలో మాట్లాడలేం.)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే బ్రసెల్స్ పక్కన సెన్ లోయలో లాంబిక్ అని ఒక బీరు చేస్తారు, దానికి కూడా ఎవరూ ఈస్ట్ వేయరు. బార్లీ, గోధుమ కాచిన ద్రవాన్ని వెడల్పాటి, లోతు లేని తొట్లలో పోసి, కిటికీలు తెరిచి, రాత్రంతా చల్లగాలికి వదిలేస్తారు. తెల్లారేసరికి గాలిలోని ఈస్టులు అందులో పడి ఉంటాయి. అయితే ఈ పని అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే, ఎండాకాలం గాలిలో చెడగొట్టే క్రిములు ఎక్కువ. తర్వాత చెక్క పీపాల్లో ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు కూడా ఊరుతుంది. పులుపు, కొంచెం గుర్రపుసాల వాసన, కొంచెం నిమ్మ వాసన. దానిలో చెర్రీలు వేసి ఊరబెడితే క్రీక్. మన కల్లు పొద్దున పుట్టి రాత్రికి సిర్కా దారి పడుతుంది, వాళ్లది మూడేళ్లు బతుకుతుంది, కానీ రెండింటి పుట్టుక ఒకటే. పులుపు కల్లుకు అలవాటుపడ్డ నాలుక లాంబిక్‌ను వెంటనే పట్టుకుంటుంది, లైట్ బీరుకు అలవాటుపడ్డ నాలుక మాత్రం ఇది పాడైపోయిందని వెనక్కి పంపుతుంది. మన ట్యాపుల మీద నేనైతే లాంబిక్ చూడలేదు, ఇంపోర్టెడ్ సీసాల్లో అప్పుడప్పుడు కనబడుతుంది, ధర చూస్తే మాత్రం గుండె జారుతుంది.

సరే, ఎండాకాలానికి వద్దాం, ఎందుకంటే మనకున్నదే అది ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా నల్లగొండలో మధ్యాహ్నం బయట తిరిగొచ్చినవాడికి 8 శాతం ఆల్కహాల్ ఉన్న స్ట్రాంగ్ బీరు పోస్తే దాహం తీరదు, తలనొప్పి వస్తుంది. ఆ టైంలో కావాల్సింది 4, 4.5 శాతం మించనిది, పుల్లగా, పొడిగా, నోట్లో తీపి మిగలనిది. దీనికి జర్మనీవాళ్లే ఒక జవాబు చేసి పెట్టారు, దాని పేరు గోజె. గోస్లార్ అనే ఊళ్లో పుట్టి లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకుంది. సగం దాకా గోధుమ, పులుపు కోసం ల్యాక్టిక్ బ్యాక్టీరియా, ఆ పైన ఉప్పు, ధనియాలు! బీరులో ఉప్పు, ధనియాలు అనగానే మా ఇంట్లో మొహాలు ఎట్లా పెట్టారో నేను చెప్పక్కర్లేదు. తాగి చూస్తే ఎండలో బస్టాండ్ దగ్గర కొట్టించుకునే ఉప్పు నిమ్మకాయ సోడా లాగే పని చేస్తుంది, పైన సన్నటి ధనియాల వాసన. ఒకప్పుడు లైప్‌జిగ్‌లోనే ఇది దాదాపు అంతరించిపోయి 1980లలో మళ్లీ బతికింది, తర్వాత అమెరికా క్రాఫ్ట్ బ్రూవర్లు ఎత్తుకున్నారు. చేయడం మరీ కష్టం కూడా కాదు, కాచే పాత్రలోనే ఒకట్రెండు రోజులు వెచ్చగా ఉంచి పుల్లబరిచి, మళ్లీ మరిగించి ఆ బ్యాక్టీరియాను చంపి, అప్పుడు ఈస్ట్ వేస్తారు. లాంబిక్ లాగా సంవత్సరాలు ఆగే పని లేదు. హైదరాబాద్‌లో అక్కడక్కడ గోజె పెడుతున్నారు, అయితే ఎప్పుడు పడితే అప్పుడు పెట్టి తీసేస్తారు. మార్చి ఒకటిన ట్యాప్ ఎక్కి జూన్ మృగశిర దాకా దిగకుండా ఉండాల్సిన బీరు ఇది.

ఎండాకాలానికి ఇంకోటి సేజాన్. బెల్జియం దక్షిణాన ఏనో ప్రాంతంలో రైతులు చలికాలంలో పొలం పని లేనప్పుడు కాచి పెట్టుకుని, కోతలకొచ్చే కూలీలకు ఎండాకాలంలో పోసేవాళ్లని చెప్తారు. దీని ఈస్ట్ 30 డిగ్రీల వేడిని కూడా తట్టుకుని పులియబెడుతుంది, చక్కెరను దాదాపు పూర్తిగా తినేస్తుంది, అందుకే బీరు ఎండిపోయినట్టు పొడిగా, మిరియం ఘాటుతో ఉంటుంది. ఏసీ బిల్లు కట్టలేక ఏడ్చే చిన్న బ్రూవరీలకు మన వాతావరణంలో ఇంతకంటే మంచి ఈస్ట్ ఏముంటుందో నాకు అర్థం కాదు. అయినా పది ట్యాపులు ఉంటే అందులో రెండు విట్ బీర్లు, రెండు లాగర్లు, ఒక ఐపీఏ (హాప్స్ చేదు ఎక్కువ ఉండే ఏల్), ఒక స్టౌట్ (నల్లటి ఏల్), మిగిలినవి మామిడి, యాపిల్ సైడర్లు. సేజాన్ పెడితే అమ్ముడుపోదంటారు. పెట్టకుండా ఎట్లా అమ్ముడుపోతుంది బాబూ.

విట్ బీరు ఎత్తాను కాబట్టి బత్తాయి గురించి చెప్పాలి. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊళ్లో ఈ తెల్ల గోధుమ బీరు చేసే చివరి బ్రూవరీ 1950లలో మూతపడితే, పియెర్ సెలిస్ అనే ఆయన 1960లలో మళ్లీ దాన్ని నిలబెట్టాడు. అందులో వేసేవి ధనియాలు, కురసావ్ అనే చేదు నారింజ తొక్క. ఆ తొక్కను మనవాళ్లు ఎండబెట్టిన ప్యాకెట్లలో తెప్పించుకుంటారు. నల్లగొండ జిల్లా బత్తాయి తోటలకు ఎంత పేరో చెప్పక్కర్లేదు, ధర పడిపోయిన సంవత్సరం కాయను కొనేవాడు లేక రైతు తల పట్టుకుంటాడు. తొక్క ఇక్కడే ఉంది! అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. బత్తాయి రసాన్ని పిండి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది, జ్యూస్ బండివాడు మన ముందే పిండి వెంటనే తాగమనేది అందుకే, గింజల్లో, లోపలి పొరల్లో ఉండే పదార్థం రసంలో చేరి నెమ్మదిగా చేదుగా మారుతుంది. కాబట్టి బీరులో రసం పోసి నమ్ముకుంటే మోసపోతారు. పైన పచ్చటి తొక్కను మాత్రం సన్నగా తురిమి, కింద తెల్లటి పొర తగలకుండా, మరగడం ఆగే ఐదు నిమిషాల ముందు వేయాలి. పులుపు కావాలంటే రసం నుంచి కాదు, గోజె పద్ధతిలో ల్యాక్టిక్ బ్యాక్టీరియా నుంచి తెచ్చుకోవాలి. బత్తాయి తొక్కతో గోజె. దీన్ని మించిన నల్లగొండ బీరు నాకు తోచదు.

పండ్ల బీర్ల మీద నా కోపం కొంచెం వెళ్లగక్కుతాను. ఎండాకాలంలో ప్రతి బ్రూవరీ మామిడి బీరు అని పెడుతుంది, గ్లాసు ముక్కు దగ్గర పెడితే ఫ్రూట్ సిరప్ వాసన. అసలు మామిడి గుజ్జు పులియడానికి పోస్తే దానిలో చక్కెర మొత్తం ఈస్ట్ తినేస్తుంది, మిగిలేది తీపి లేని వాసన, కొంచెం పీచు రుచి. అది తాగినవాళ్లు ఇదేంది తియ్యగా లేదు, మోసం అంటారు, వాళ్ల నోరు మూయించడానికి బ్రూవరీవాడు చివర్లో సిరప్ కలుపుతాడు. నా మాట నమ్మండి, తియ్యగా లేని మామిడి బీరే నిజమైన మామిడి బీరు. కొల్లాపూర్ మామిడి మే నెలలో ఎంత మంచిగా ఉంటుందో తెలిసినవాళ్లు దాన్ని సిరప్‌తో చంపరు. సీతాఫలం ఇంకా తిక్కది. బాలానగర్ సీతాఫలం అని ఒక రకానికే మన పాలమూరు ఊరి పేరు, దసరా ముందర జడ్చర్ల దాకా హైవే పొంటి గంపలు పెట్టి అమ్ముతారు. దాని గుజ్జును వేడి చేశారంటే చేదు అయిపోతుంది, ఐస్‌క్రీంవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే వాళ్లు కాచరు. బీరులో కూడా కాచేటప్పుడు కాదు, పులియడం అయిపోయి చల్లబడ్డాక వేయాలి, గుజ్జు నల్లబడకుండా గాలి తగలనీయొద్దు, గింజలు తీసే కూలీ ఖర్చు వేరే. ఇంత కష్టపడితే వాసన మాత్రం మత్తుగా ఉంటుంది. గోధుమ బీరు మీద వేస్తే బాగుంటుందని నా నమ్మకం, ఐపీఏ మీద వేస్తే హాప్స్ దాన్ని మింగేస్తాయి. అక్టోబరులో ఆక్టోబర్‌ఫెస్ట్ బోర్డు పక్కన ఇది కూడా ఒక ట్యాప్ మీద ఉంటే నేను రెండూ తాగుతాను.

అమెరికా గుమ్మడికాయ ఏల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. అక్కడ వలస వచ్చిన తొలినాళ్లలో మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) దొరక్క గుమ్మడికాయ వాడారు, ఇప్పుడు చేసేది ఎక్కువగా గుమ్మడికాయ పైలో వేసే దాల్చినచెక్క, జాజికాయ మసాలా బీరు. మనకు అక్కర్లేదు. గుమ్మడికాయ దప్పళంలోనే బాగుంటుంది.

జొన్నల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పాలమూరు అంటే జొన్న రొట్టె, పాలమూరు అంటే తైదల అంబలి. రాగి మాల్ట్ అని డబ్బాల మీద చదివి చంటిపిల్లలకు పట్టే మనకు బీరులో మాల్ట్ అంటే అదేనని ఎవరూ చెప్పరు, గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టడమే, మొలక వచ్చేటప్పుడు పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆఫ్రికాలో జొన్నతో బీరు తరతరాలుగా చేస్తున్నారు, సిక్కిం, నేపాల్‌లో తైదలతో తోంబా చేసి వెదురు గొట్టంతో పీలుస్తారు. అయితే బార్లీ లాగా జొన్న సులువుగా లొంగదు. బార్లీ పిండి 65 డిగ్రీల లోపే ఉబ్బి మెత్తబడుతుంది, బ్రూవరీలో మాష్ చేసేది, అంటే గింజ పొడిని వేడినీళ్లలో నానబెట్టేది ఆ వేడి దగ్గరే, ఎంజైములూ అక్కడే పనిచేస్తాయి. జొన్న పిండి మెత్తబడాలంటే 70 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి పనిచేయాల్సిన ఎంజైముల్లో కొన్ని చచ్చిపోతాయి. పైగా జొన్న మాల్ట్‌లో ఆ ఎంజైముల్లో ఒకటి తక్కువే. కాబట్టి జొన్నను విడిగా గటక కాచినట్టు ఉడికించి, చల్లబరిచి, బార్లీ మాల్ట్‌తో కలపాలి. మొత్తం ధాన్యంలో మూడో వంతు జొన్న దాకా ఈ పద్ధతిలో ఇబ్బంది లేకుండా పోవచ్చు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మిల్లెట్ దోశ, మిల్లెట్ పిజ్జా అని ఊరంతా హడావుడి చేశారు. బీరులో వాడితే ఆరోగ్యం అని మాత్రం దయచేసి ఎవరూ బోర్డు పెట్టకండి, బీరు బీరే. జొన్న వాడేది రుచి కోసం, అది తెచ్చే పొడిదనం కోసం, యాసంగి జొన్న కోతకొచ్చే ఫిబ్రవరి, మార్చిలో కొత్త గింజతో సేజాన్ కాస్తే ఉగాదికి గ్లాసులో ఉంటుందన్న ఆశ కోసం. ఇంకో సౌకర్యం, గింజ అయితే ఇక్కడిది అవుతుంది. హాప్స్ ఎట్లాగూ కావు, మన దేశంలో హిమాచల్ లాహౌల్ లోయ లాంటి చలి చోట్ల పండించారు తప్ప, ఆ తీగకు ఎండాకాలంలో పొడుగు పగళ్లు, చలికాలంలో గట్టి చలి రెండూ కావాలి. అందుకే హాప్స్ కోసిన రోజే పచ్చిగా వేసి చేసే వెట్ హాప్ ఏల్ అనే సీజనల్ మనకు దక్కదు. దాని గురించి చదివి ఊరుకోవడమే.

నీళ్ల గురించి కూడా రెండు మాటలు, నల్లగొండవాణ్ని కాబట్టి. బీరులో 90 శాతం పైగా నీళ్లే. పిల్జెన్ నీళ్లు చాలా మెత్తనివి కాబట్టి అక్కడ తేలికైన బంగారు లాగర్ కుదిరింది, డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్ ఎక్కువ కాబట్టి నల్లగా వేయించిన గింజల పులుపు దానికి సరిపోయి స్టౌట్ కుదిరింది, ఇంగ్లండ్‌లో బర్టన్ నీళ్లలో జిప్సం ఉంది కాబట్టి హాప్స్ చేదు అక్కడ నిక్కచ్చిగా తేలింది. ఇక మా మర్రిగూడ బోరు నీళ్లు? ఫ్లోరైడ్. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టుకున్నారు. మా నీళ్లకు దక్కిన కీర్తి అది. ఇప్పుడు భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, బ్రూవరీలు ఎక్కడున్నా ఆర్‌ఓలో అన్నీ తీసేసి తమకు కావాల్సిన లవణాలు మళ్లీ కలుపుకుంటాయి. కాబట్టి నీటి వల్ల ఊరికో బీరు అనే కాలం పోయింది. గింజ, పండు, కాలం, ఇవి మిగిలాయి.

చలికాలం మనకు చిన్నది, కానీ ఉంది. డిసెంబరు చివర, జనవరి మొదట్లో రాత్రి చలిమంట వేసుకునే పది పదిహేను రోజులు స్టౌట్‌కు సరిగ్గా సరిపోతాయి. వేయించిన బార్లీ వల్ల కాఫీ, చేదు చాక్లెట్ రుచి, కాఫీ పొడి వేయకుండానే. దీన్ని ఫ్రీజరులోంచి తీసినట్టు తాగితే ఏమీ తెలియదు, చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, గ్లాసు తెచ్చాక ఓ పావుగంట పక్కన పెట్టండి, 10, 12 డిగ్రీలకు వచ్చినప్పుడు తాగండి. వేడిగా ఉందని వెనక్కి పంపిన మా బావకు నేను ఇది చెప్పి చూశాను, బావ వినలేదు, అందులో రెండు ఐసు ముక్కలు వేసుకున్నాడు. బావ కాబట్టి ఊరుకున్నా. డాపల్‌బాక్ అని మ్యూనిక్ సన్యాసులు ఉపవాసాల కాలంలో అన్నం బదులు తాగిన చిక్కటి లాగర్ ఒకటుంది, మాల్ట్ రొట్టె రుచి, 7 శాతం పైనే ఆల్కహాల్. మన స్ట్రాంగ్‌కు అలవాటైనవాళ్లు క్రాఫ్ట్‌లోకి రావాలంటే ఐపీఏ చేదుతో భయపెట్టే కన్నా దీనితో మొదలుపెట్టించడం మంచిదని నా అభిప్రాయం. ట్యాప్ మీద కనబడితే వదలకండి.

వాన పడే రోజులకు డుంకెల్, గోధుమరంగు లాగర్, ఘాటు లేదు, చేదు లేదు, వేడి వేడి బొబ్బర్ల గారెలతో పోతుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి, పబ్బుల్లో నాచోస్, ఫ్రైస్ పెట్టి వదిలేస్తారు గానీ బోటి వేపుడు, స్టౌట్ కలిపి చూడండి. గోజెకు గుడాలు, పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ అక్కర్లేదు, పులుపు గ్లాసులోనే ఉంది. తలకాయ కూర ఘాటుకు ఐపీఏ అసలు వద్దు, కారం మీద హాప్స్ చేదు పడితే నోరు మంట రెండింతలవుతుంది, అక్కడ హెఫెవైజెన్ చల్లబరుస్తుంది. శాంపిల్ గ్లాసులు తెప్పించుకుంటే లేతరంగు నుంచి నలుపుకు, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు పోండి, ఐపీఏతో మొదలుపెడితే తర్వాత తాగే విట్ నీళ్లలా ఉంటుంది. ఈ వారం ఏది కొత్తగా ట్యాప్ ఎక్కింది, ఎన్నడు కాచారు అని అడగండి. చెప్పగలిగిన చోట మళ్లీ కూర్చోవచ్చు, తెల్లమొహం వేస్తే బిల్లు కట్టి లేవండి.

రాను పోను ఆర్టీసీ బస్సే. ఎల్‌బీ నగర్‌లో ఎక్కితే రాత్రికి నల్లగొండలో దిగొచ్చు, బండి వేసుకుపోయి నార్కట్‌పల్లి దగ్గర పోలీసన్న నోట్లో గొట్టం పెట్టే దాకా తెచ్చుకోకండి. హైదరాబాద్‌లో బీరు కాచేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బత్తాయి తొక్క ఒక బస్తా కావాలంటే కామెంట్లో చెప్పండి, తెలిసిన తోటలున్నాయి, రైతుతో నేను మాట్లాడిపెడతా. మార్చి లోపల చెప్పండి కానీ.